పత్తికి 38 రోజులు, పచ్చదోమ ఎక్కువైంది: అంతర్వాహిక మందు బొట్టు పెట్టాలా, పిచికారీ చేయాలా?

ఎర్రనేల_పత్తి · జూలై 24, ఉదయం 6:50

అన్నలూ, నాగర్‌కర్నూల్ దిక్కు ఎర్ర చెల్క. బీటీ పత్తి మూడెకరాలు, 90/60 సెం.మీ. అచ్చు, 38 రోజులైంది. ఆకుల అంచులు పసుపు పడి కిందికి వంగుతున్నయి. పొద్దున 20 మొక్కలు చూసిన, ఆకుకు సగటున 3 పచ్చదోమ పిల్లలు లెక్కొచ్చినయి. దుకాణంల ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్, ఎసిఫేట్ 75 ఎస్‌పీ రెండూ కలిపి కొట్టమన్నరు. ఊర్ల కొందరు అంతర్వాహిక మందు, అంటే మొక్క లోపలికి దిగే మందు, కాండానికి బొట్టు పెడితే చాలంటున్నరు. ఇంట్ల పాత మోనోక్రోటోఫాస్ సీసా ఉంది. నా దగ్గర 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్. వారం నుంచి వాన లేదు. ఏది చేయాలె, ఎంత వేయాలె?

పురుగుల_లెక్క · జూలై 24, ఉదయం 7:35

లెక్క చూసి అడిగారు, చాలా మంచిది. ఒక్కసారి లెక్క పద్ధతి సరిచూసుకోండి. ఎకరాకు 20 మొక్కలు, చేను నాలుగు మూలలూ నడుమా కలిసేలా. ఒక్కో మొక్కకు పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి, మొత్తం 60 ఆకులు. ఆకును తెంపకుండా కాడ పట్టుకుని మెల్లగా తిప్పాలి. లేత ఆకుపచ్చ రంగులో, తల వైపు వెడల్పుగా, తోక వైపు సన్నగా ఉండే పిల్ల పురుగు ఈనె పక్కన కూర్చుని ఉంటుంది. వెలుగు తగలగానే పీతలా పక్కకు నడిచి ఈనెకు అవతలి వైపు దాక్కుంటుంది. అలా పక్కకు నడిస్తే అది పచ్చదోమే. 60 ఆకుల మీద 120 దాటితే ఆకుకు 2 దాటినట్టు, మందు వాడాల్సిన స్థాయి అదే. మీకు 3 వచ్చింది కాబట్టి ఆగాల్సిన పని లేదు.

అంచుల పసుపు ఒక్కదాన్నే చూసి మాత్రం మందు కొట్టకండి. మెగ్నీషియం తగ్గితే ముదురు ఆకులో ఈనెలు పచ్చగానే ఉండి నడుమ భాగం ఎర్రబారుతుంది. పచ్చదోమ అయితే అంచు నుంచి మొదలై లోపలికి వస్తుంది, అంచు కిందికి వంగుతుంది. తామర పురుగైతే అంచులు పైకి ముడుచుకుని, ఆకు అడుగున వెండి పూసినట్టు మెరుస్తుంది. మెగ్నీషియం లోపానికి పురుగు మందు కొడితే డబ్బూ పోతుంది, చెడ్డ పురుగుల్ని తినే అక్షింతల పురుగులూ పోతాయి.

ఇక ఇమిడాక్లోప్రిడ్. మీ బీటీ విత్తనం ప్యాకెట్‌లోంచి రంగు పూతతో వచ్చి ఉంటుంది. ఆ పూత ఎక్కువగా ఇమిడాక్లోప్రిడ్ లేదా థయోమిథాక్సామ్. అంటే చేలోని పచ్చదోమ మొదటి మూడు వారాలూ ఆ కుటుంబం మందునే తాగింది. దాన్ని తట్టుకున్నవే ఇప్పుడు ఆకు కింద ఉన్నాయి. వాటి మీదికే మళ్ళీ అదే మందు పంపితే ఏమొస్తుంది? మొదటి పిచికారీకి ఈ గుంపును వదిలేయండి. ఫ్లోనికామిడ్ 50 డబ్ల్యూజీ ఎకరాకు 60 గ్రాములు నా మాట.

గుంటూరు_మెట్ట · జూలై 24, ఉదయం 8:10

పై మాటకు ఒకటి చేరుస్తానండీ. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్, క్లోథియానిడిన్, డైనోటెఫ్యూరాన్ ఈ ఐదూ ఒకే కుటుంబం, మందు పనిచేసే తీరును బట్టి వేసిన వరుసలో 4ఏ గుంపు. పేర్లు వేరు, డబ్బాలు వేరు, పురుగు నరంలో తగిలే చోటు ఒక్కటే. ఈసారి ఒకటి, వచ్చేసారి ఇంకొకటి కొట్టి మందు మార్చామని చాలామంది అనుకుంటారు. మార్చింది డబ్బా మాత్రమే. థయోమిథాక్సామ్ మొక్కలోకి వెళ్ళాక కొంత క్లోథియానిడిన్‌గానే మారిపోతుంది కూడా.

జంట మందులు కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఎసిఫేట్ 50 శాతం, ఇమిడాక్లోప్రిడ్ 1.8 శాతం కలిపిన పొడి మార్కెట్లో ఉంది. దాన్ని ఎసిఫేట్ అనుకుని వాడితే తెలియకుండానే 4ఏ ఇంకోసారి పడుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న రసాయనం పేరు చదవండి.

నల్లరేగడి_నీళ్ళు · జూలై 24, ఉదయం 9:25

అంతర్వాహిక మందు అంటే మొక్క అంతటా తిరిగి కాపాడుతుందని అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. మనం పత్తిలో వాడేవాటిలో ఎక్కువ భాగం నీటి నాళాల్లో నీటితో పాటు పైకి మాత్రమే పోతాయి. వేరు దగ్గర వేస్తే కాండం, ఆకు దాకా వెళ్తాయి. కాండానికి పూస్తే ఆ పైనున్న ఆకులకు వెళ్తాయి. ఆకు మీద కొడితే ఆ ఆకు లోపలికి దిగి, అంచు వైపు జరుగుతాయి. ఆ ఆకు కాడ గుండా వెనక్కి దిగి ఇంకో కొమ్మ ఎక్కడం మాత్రం చాలా తక్కువ. స్పైరోటెట్రామాట్ లాంటి ఒకటి రెండు మందులే కిందికీ పైకీ రెండు వైపులా కదులుతాయి.

అందుకే మూడు సంగతులు.

పిచికారీ తర్వాత విచ్చిన కొత్త ఆకులో మందు పెద్దగా ఉండదు. 38 రోజుల పత్తి మూడు రోజులకో కొత్త ఆకు వేస్తుంది. పది రోజుల తర్వాత చిగురులో పురుగు కనిపిస్తే మందు నకిలీదని కాదు.

అంతర్వాహిక మందే కదా అని పైపైన కొట్టేసి పోకూడదు. అడుగు ఆకులకు తడి తగలకపోతే వాటిలోకి మందు రాదు. నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి ఆకు అడుగు తడపాలి.

మూడోది మీ చేనుకు అన్నింటికన్నా ముఖ్యం. నీరు పైకి నడవకపోతే మందూ నడవదు. వారం నుంచి వాన లేని ఎర్ర చెల్కలో మధ్యాహ్నానికి మొక్క వాలిపోతుంటే ఆకు రంధ్రాలు మూసుకుని ఉంటాయి, నీటి నడక మందగిస్తుంది. నల్లరేగడిలో దీనికి తిరగబడిన కష్టం వస్తుంది. వేళ్ళు నీట మునిగితే ఊపిరాడక నీరు పీల్చవు, అప్పుడూ మందు ఎక్కదు. తడి పెట్టే వీలుంటే ముందు రోజు ఒక తడి ఇచ్చి, తర్వాత మందు పెట్టండి.

ఎర్రనేల_పత్తి · జూలై 24, మధ్యాహ్నం 1:05

మంచిగ అర్థమైంది అన్నా. బోరు ఉంది, తడి పెట్టగలను. కాండం నుంచి పైకి పోతది అంటున్నరు కాబట్టి బొట్టే మేలు కదా? మొత్తం మొక్కకు అందుతది.

బొట్టు_కర్ర · జూలై 24, మధ్యాహ్నం 2:40

మేలే, కానీ దానికో వయసుంది. కాండం లేతగా, పచ్చగా ఉన్నంత కాలమే మందు లోపలికి దిగుతుంది. బొట్టుకు చెప్పే వేళలు విత్తిన 20, 40, 60 రోజులు. మొక్క పెరిగే కొద్దీ కింద బెరడు గోధుమ రంగుకు తిరుగుతుంది. అక్కడ పూస్తే పైనే ఎండిపోతుంది. 40 రోజులప్పుడు ఇంకాస్త పైకి, 60 అప్పుడు పై మూడో వంతులో పచ్చగా ఉన్న చోటికి వెళ్ళాలి. మీకు 38 కాబట్టి వేళ దాటలేదు.

పాళ్ళు: ఫ్లోనికామిడ్ 50 డబ్ల్యూజీ అయితే 1 గ్రాముకు 20 మి.లీ. నీళ్ళు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 అయితే 1 మి.లీ.కి 20 మి.లీ. నీళ్ళు. కానీ పైన చెప్పిన కారణంగా ఇప్పుడు మీకు ఫ్లోనికామిడే.

ఎకరాకు ఎంత కలపాలన్నది లెక్క కట్టుకోవాలి. 90/60 అచ్చులో ఎకరాకు 7,500 మొక్కల దాకా ఉంటాయి. 60 గ్రాములు 1,200 మి.లీ. నీళ్ళలో కలిపితే మొక్కకు సుమారు 0.16 మి.లీ. వస్తుంది, అంటే మూడు చుక్కలు. మూడు చుక్కలే. పూత కారి నేలకు దిగుతోందంటే ఎక్కువ పడుతున్నట్టు. ఎకరం సగానికే 1,200 మి.లీ. అయిపోతే ఇంకో 60 గ్రాములు కలపకండి, కర్రకున్న గుడ్డ సన్నం చేయండి.

కర్ర: జానెడున్నర వెదురు పుల్ల, కొనకు రెండు మూడు మడతల నూలు గుడ్డ లేదా చిన్న స్పాంజి ముక్క, దారంతో గట్టిగా కట్టాలి. మందు వెడల్పు మూతి డబ్బాలో కాకుండా సన్న మూతి సీసాలో పోసి నడుముకు కట్టుకుంటే ఒలకదు. గుడ్డ ముంచి, సీసా మూతికి ఒకసారి ఒత్తి, కాండానికి ఒకే పక్క రెండు మూడు సెంటీమీటర్ల పొడవున పైకి ఒక్క గీత గీయాలి.

ఒకే పక్క అని ఊరికే అనడం లేదు. కాండం చుట్టూ తిప్పి పూస్తే చిక్కటి మందుకు లేత చర్మం మాడి నల్ల ఉంగరం పడుతుంది. నాలుగు రోజులకు ఆ చోట సన్నబడి, గాలికి మొక్క విరిగి పడుతుంది. పాళ్ళు 1:20 నుంచి 1:10కి తెచ్చి ఎక్కువ పనిచేస్తుందనుకున్నా జరిగేది ఇదే.

వేళ: పొద్దున మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరక ముందు. తడి కాండం మీద పూత నిలవదు. పొద్దెక్కే కొద్దీ మొక్క నీరు లాగుతుంది, మందు దానితో ఎక్కుతుంది. కనీసం మూడు నాలుగు గంటలు వాన పడకూడదు.

బొట్టులో నాకు నచ్చేది ఒకటుంది. మందు గాలిలో తేలదు, ఆకుల మీద తిరిగే అక్షింతల పురుగుకూ అల్లిక రెక్కల పురుగుకూ నేరుగా తగలదు. పనిచేసే మనిషి ఊపిరికీ తగలదు. కాకపోతే చేతి నిండా చిక్కటి మందు, అందుకే రబ్బరు తొడుగులు లేకుండా మొదలుపెట్టకండి.

తుంగభద్ర_పైరు · జూలై 24, సాయంత్రం 4:15

బొట్టుకు మోనోక్రోటోఫాస్ 1:4 అని ఏళ్ళుగా చెప్పుకుంటున్నదే కదా. చవక, వెంటనే పనిచేస్తుంది. ఇంట్లో సీసా ఉందంటున్నాడు, దాంతో చేస్తే తప్పేముంది?

గుంటూరు_మెట్ట · జూలై 24, సాయంత్రం 4:50

తప్పుంది. 2023లో కేంద్రం ఇచ్చిన నిషేధ ఉత్తర్వులో మోనోక్రోటోఫాస్ 36 శాతం ఎస్‌ఎల్ ఉంది. కూరగాయల మీద అంతకు చాలా ముందే ఆపేశారు. పాత కరపత్రాల్లో 1:4 అని ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ కరపత్రం రాసిన నాటికి అది సరైనదే, ఈనాటికి కాదు. అలాగే ఫోరేట్ గుళికలు, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్, ఫాస్ఫామిడాన్ 2020 డిసెంబరు 31తో ఆగిపోయాయి. ఎవరి కొట్టంలోనైనా మిగిలి ఉంటే వాడకండి.

అసలు కారణం చట్టం ఒక్కటే కాదు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉన్న మందు అది. 1:4 అంటే ఏడు శాతానికి పైగా ఉన్న ద్రావణాన్ని చేతికి అంగుళం దూరంలో రోజంతా పట్టుకుని, వంగి నడవడం. చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగే మందు. దీన్ని కూలికి వచ్చిన ఆడవాళ్ళ చేతికి తొడుగుల్లేకుండా ఇవ్వడం ఎంత అన్యాయమో ఒక్కసారి ఆలోచించండి.

ఆ సీసాను కాలవలోనో బావి గట్టునో పారబోయకండి. మూత బిగించి, పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచి, మండల వ్యవసాయాధికారిని అడగండి.

తుంగభద్ర_పైరు · జూలై 24, సాయంత్రం 5:20

నిషేధం సంగతి తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎర్రనేల_పత్తి గారూ, నా సలహా వదిలేయండి.

ఎర్రనేల_పత్తి · జూలై 24, రాత్రి 7:45

సీసా పక్కన పెట్టేసిన అన్నా. మూడెకరాలకు బొట్టు పెట్టాలంటే మనుషులు దొరకరు. ఒక ఎకరం బొట్టు, రెండెకరాలు పిచికారీ అనుకుంటున్న. దుకాణంల డబ్బాకు ఒక మూత వేయమన్నరు. 60 గ్రాములు డబ్బాకు ఎట్ల పంచాలె?

కొలత_గ్లాసు · జూలై 24, రాత్రి 8:30

మూత కొలత మర్చిపోండి. ఒక్కో కంపెనీ మూత ఒక్కో సైజు, అదీకాక పొడిని మూతతో కొలిస్తే తూకం రాదు. 60 గ్రాముల ప్యాకెట్ ఎకరానికి ఒకటి అన్నదే అసలు కొలత. మీ స్ప్రేయర్‌తో ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడతాయో తెలిస్తే మిగతాది భాగహారమే.

ఇలా చూడండి. ట్యాంకులో 16 లీటర్ల మంచినీళ్ళు పోసి, మందు కొట్టే నడకతోనే, అదే నాజిల్‌తో పత్తి సాళ్ళలో కొట్టండి. ఎన్ని సాళ్ళు తడిసి నీళ్ళు అయిపోయాయో చూడండి. ఉదాహరణకు 70 మీటర్ల సాళ్ళు ఐదు తడిశాయనుకుందాం. సాళ్ళ మధ్య 0.9 మీటరు. 70 ఇంటూ 5 ఇంటూ 0.9 అంటే 315 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. 4,047ను 315తో భాగిస్తే దగ్గరదగ్గర 13 ట్యాంకులు. 60 గ్రాములను 13తో భాగిస్తే ట్యాంకుకు 4.6 గ్రాములు.

అంత చిన్న తూకం ప్రతిసారీ తూయలేం కాబట్టి మూల ద్రావణం చేసుకోండి. 60 గ్రాములు మొత్తం 1,300 మి.లీ. నీళ్ళలో బాగా కలిపి, ట్యాంకుకు 100 మి.లీ. చొప్పున పోయండి. పోసే ముందు ప్రతిసారీ సీసా ఊపాలి, లేకపోతే మొదటి ట్యాంకులు పలచన, చివరివి చిక్కన. ట్యాంకు సగం నింపి, మందు పోసి, కలిపి, తర్వాత మిగతా సగం నింపాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

పవర్ స్ప్రేయర్ ఉన్నవాళ్ళకు: ఎకరాకు 80 లీటర్లే పడితే ఆ 80 లీటర్లలోనే 60 గ్రాములు పోవాలి, అంటే లీటరుకు 0.75 గ్రాము. చేతి పంపుకు చెప్పిన లీటరు లెక్క 0.3 గ్రాము అక్కడ వాడితే ఎకరాకు 24 గ్రాములే పడుతుంది. సగం మోతాదుకు చచ్చేవి చస్తాయి, తట్టుకునేవి మిగిలి పిల్లలు పెడతాయి. మందు పనిచేయడం లేదన్న ఫిర్యాదులు చాలా వరకు ఇక్కడివే. డ్రోన్‌లో ఎకరాకు పది లీటర్లు పట్టినా అంతే, ఎకరా మోతాదు మారదు.

నాజిల్ బోలు శంకువు రకం వాడండి. కలుపు మందుకు వాడే చదును నాజిల్‌తో ఆకు అడుగు తడవదు. కలుపు మందు కొట్టిన స్ప్రేయరే అయితే ఇంకా ప్రమాదం. 2,4-డీ కొంచెం మిగిలి ఉన్నా పత్తి ఆకు వేళ్ళు చాపినట్టు బెండాకులా సాగిపోతుంది. దానికి వేరే స్ప్రేయర్ ఉండాల్సిందే.

ఎర్రనేల_పత్తి · జూలై 24, రాత్రి 9:10

19:19:19 ఎరువు, మందు ఆకుకు అంటుకునేటందుకు స్టిక్కర్, ఎసిఫేట్ గూడ ఒకటేసారి కలిపి కొట్టొచ్చా? కూలి కలిసొస్తది.

నల్లరేగడి_నీళ్ళు · జూలై 24, రాత్రి 9:40

ఎసిఫేట్ వద్దు. ఈ వయసులో చేలో అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగు పిల్లలు ఉంటాయి. ఎసిఫేట్‌కు అవీ పోతాయి. ఆ తర్వాత పేనుబంక ఎగబడితే ఆపేవాళ్ళుండరు. ఫ్లోనికామిడ్ రసం పీల్చే పురుగుల మీదే ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి మిత్ర పురుగులు చాలావరకు మిగులుతాయి.

ఇంకో సంగతి. ఎసిఫేట్, డైమిథోయేట్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు క్షారం ఎక్కువున్న నీటిలో త్వరగా విరిగిపోతాయి. మీ వైపు బోరు నీళ్ళు ఎక్కువగా అలాంటివే. ఎప్పుడైనా వాటిని వాడాల్సి వస్తే కలిపి గంటలు నిలవ ఉంచకండి. బోర్డో మిశ్రమం, సున్నం గంధకంతో అసలు కలపకూడదు.

19:19:19 కలపొచ్చు గానీ ముందు గాజు సీసాలో చూసుకోండి. ఒక లీటరు బోరు నీళ్ళు, అదే పాళ్ళలో రెండూ, అరగంట ఉంచండి. అడుగున పేరుకున్నా, వెన్నలా కట్టినా, చేతికి వేడి తగిలినా కలపకూడదు. స్టిక్కర్ లేబుల్ చెప్పినంతే. ఎక్కువైతే చుక్క నిలవకుండా జారి కిందికి పోతుంది. నత్రజని ఎక్కువైన చేనుకు పచ్చదోమ ఎక్కువ వస్తుంది. యూరియా మోతాదు ఇప్పుడు పెంచకండి.

సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరెత్రాయిడ్లు ఎవరు చెప్పినా వద్దు. ఈ దశలో వాటితో తెల్లదోమ రెచ్చిపోతుంది.

గోంగూర_గట్టు · జూలై 25, ఉదయం 6:20

ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. పత్తి సాళ్ళలో గోంగూర, బెండ, గట్టు మీద తోటకూర ఉన్నాయా? అంతర్వాహిక మందు ఆకు లోపలే ఉంటుంది. ఉప్పు నీళ్ళలో కడిగినా, ఉడికించినా పోయిందనుకోవడానికి లేదు. పిచికారీ తుంపర గోంగూర మీద పడితే ఆ కోత వదిలేయాల్సిందే. పత్తిలో ఏరిన గడ్డి కూడా పశువులకు వేస్తాం కదా, పాలలోకి వచ్చే దారి అదే. మందు కొట్టే ముందే గోంగూర కోసుకుని, గడ్డి తీసుకుని, తర్వాత కొట్టండి. పత్తి గింజ చెక్క పశువుల దాణా, గింజ నూనె మన వంటకే వస్తుంది. ఇమిడాక్లోప్రిడ్‌కు పత్తిలో ఆఖరి పిచికారీకీ తీతకూ మధ్య 40 రోజులు ఉండాలంటుంది లేబుల్. బట్టకే కదా అనుకోవద్దు.

ఎర్రనేల_పత్తి · జూలై 25, ఉదయం 7:00

గోంగూర ఉందక్కా, నాలుగు సాళ్ళు. ఇయ్యాల్నే మొత్తం కోపిస్త. ఈ రోజు తడి, రేపు మందు.

వరి_మడి · జూలై 25, ఉదయం 10:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. వరిలో సుడిదోమకు కూడా ఇవే అంతర్వాహిక మందులు కదా, పైన కొడితే కిందికి దిగవా? పోయినసారి మా ఊళ్ళో చాలా మడులకు మందు కొట్టినా సుళ్ళు పడ్డాయి.

నల్లరేగడి_నీళ్ళు · జూలై 25, ఉదయం 11:05

పైన రాసిన మాటలోనే మీ జవాబు ఉంది. మందు పైకి పోతుంది, సుడిదోమ నీటి మట్టానికి కాస్త పైన దుబ్బు మొదట్లో కూర్చుంటుంది. ఆకుల మీద పడ్డ మందు దాని దగ్గరకు దిగి రాదు. అందుకే నాట్ల నాడే ప్రతి రెండు మీటర్లకు 20 సెం.మీ. కాలిబాటలు తీయమంటారు. మడిలో నీరు తీసి, కాలిబాటలో నడుస్తూ నాజిల్ దుబ్బు మొదటికి తిప్పి కొట్టాలి. పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ ఎకరాకు 120 గ్రాములు, లేదా ట్రైఫ్లూమెజోపైరిమ్ 10 ఎస్‌సీ 94 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్‌ను సుడిదోమ చాలా చోట్ల తట్టుకుంటోంది, దాని జోలికి పోకండి. కాండం తొలిచే పురుగుకు గుళికలు వేసేటప్పుడు మాత్రం పలచగా నీరు నిలిపి ఉంచాలి, రెండు మూడు రోజులు బయటికి వదలకూడదు. మిగతాది వేరే చర్చ మొదలుపెడితే వివరంగా రాస్తాను.

మావిడి_తేనె · జూలై 25, మధ్యాహ్నం 12:30

పత్తికి పూత మొదలయ్యే ముందు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. 4ఏ మందులు తేనెలోకి, పుప్పొడిలోకి కూడా చేరతాయి. ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయోమిథాక్సామ్‌లను ఆరుబయట పైర్లలో ఆపింది తేనెటీగల కోసమే. పత్తికి పూలలోనే కాదు, ఆకు అడుగున ఈనె మీద కూడా తేనె గ్రంథులుంటాయి, పూత లేకపోయినా ఈగలు అక్కడ వాలతాయి. ఏ మందైనా సాయంత్రం ఈగలు ఇంటికి పోయాక కొట్టండి. పక్కనే కంది, పొద్దుతిరుగుడు పూత మీద ఉంటే గాలి వాలు చూసుకోండి.

కొలత_గ్లాసు · జూలై 25, మధ్యాహ్నం 3:00

కొట్టే మనిషి సంగతి కూడా. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. మనిషిని మించి పెరిగిన పత్తిలో, తలకు పైన నాజిల్ పెట్టి, గంటల తరబడి, ఏ ముసుగూ లేకుండా, రెండు మూడు మందులు కలిపి కొట్టడం అక్కడ జరిగింది. మీ పత్తి ఇప్పుడు మోకాలెత్తే. సెప్టెంబరులో ఇదే చేను భుజాల దాకా వస్తుంది.

గాలి వీపు మీదికి వీచేలా, అంటే మందు మీ ముందుకు పోయేలా నడవండి. పొడుగు చేతుల చొక్కా, తొడుగులు, ముసుగు, కంటి అద్దాలు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, గడ్డిపరకతో తీయండి. మధ్యలో బీడీ, తంబాకు, ఆకు వక్క వద్దు. అయిపోయాక ముందు ఒళ్ళు సబ్బుతో కడుక్కుని ఆ తర్వాతే ఏదైనా తినాలి. బట్టలు విడిగా ఉతకాలి.

చొంగ కారడం, విపరీతమైన చెమట, వాంతులు, కంటి పాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం కనబడితే ఆర్గానోఫాస్ఫరస్ విషం అనుకోవాలి. దానికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు. 4ఏ మందులకు ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాన్ని బట్టి చికిత్స చేస్తారు. అందుకే ఏ మందో డాక్టరుకు తెలియడం ప్రాణమంత అవసరం. 108కి ఫోన్ చేసి, డబ్బానో ప్యాకెట్టునో వెంట తీసుకెళ్ళండి. మనిషిని పొలం నుంచి గాలి తగిలే చోటికి తెచ్చి, తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు కడగండి. బలవంతంగా కక్కించకండి.

ఎర్రనేల_పత్తి · జూలై 28, ఉదయం 6:40

26 పొద్దున ఎకరం బొట్టు, సాయంత్రం రెండెకరాలు పిచికారీ అయింది. రాత్రి జల్లు పడ్డది, పిచికారీ అయినంక నాలుగు గంటలకు. ఈ పొద్దున చూస్తే పురుగులు ఇంకా ఆకు కిందనే ఉన్నయి, 60 ఆకుల మీద 140. మళ్ళ కొట్టాల్నా? దుకాణంల వేరే మందు ఇస్తమంటున్నరు.

పురుగుల_లెక్క · జూలై 28, ఉదయం 7:15

కొట్టకండి. ఫ్లోనికామిడ్ సంగతి తెలియక జరిగే పెద్ద పొరపాటు ఇదే. ఆర్గానోఫాస్ఫరస్ మందుకు పురుగు గంటల్లో రాలిపోతుంది. ఫ్లోనికామిడ్ పురుగును అలా పడగొట్టదు, తిండి మాన్పిస్తుంది. సూది మూతిని ఆకులో గుచ్చి రసం పీల్చడం కొద్ది గంటల్లోనే ఆగిపోతుంది. తర్వాత ఆకలితో చావడానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే మీరు చూస్తున్న 140లో చాలా భాగం బతికున్నా పైరును తినడం లేదు.

తేడా మీరే చూడొచ్చు. ఆకును తిప్పగానే మునుపటిలా పీతలా పక్కకు పరుగు తీస్తున్నాయా, వేలు తగిలినా మెల్లగా కదులుతున్నాయా? చిగురున కొత్తగా విచ్చిన రెండాకుల అంచులు పచ్చగా, చదునుగా ఉన్నాయా? పాత ఆకు పసుపు వెనక్కి రాదు, దాన్ని చూసి కంగారు పడొద్దు. కొత్త ఆకే సాక్ష్యం.

నాలుగు గంటల తర్వాత పడ్డ జల్లు పెద్దగా నష్టం చేయదు. 31న, ఆగస్టు 2న మళ్ళీ 60 ఆకులు లెక్కపెట్టండి, బొట్టు ఎకరం విడిగా, పిచికారీ ఎకరాలు విడిగా. ఆకుకు 2 కన్నా తగ్గుతూ వస్తే వదిలేయండి.

గుంటూరు_మెట్ట · జూలై 28, ఉదయం 8:00

ముందు వరుస కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి, దుకాణంలో నిలబడి ఆలోచించే పని ఉండదు. ఎకరాకు పదికి పైగా పసుపు జిగురు అట్టలు పెట్టండి. కొద్దికొద్దిగా కనిపిస్తే వేప నూనె 1,500 పీపీఎం లీటరుకు 5 మి.లీ. చాలు. మళ్ళీ 2 దాటితే ఈసారి ఫ్లోనికామిడ్ కాదు. తెల్లదోమ ఆకుకు 6 దాకా వచ్చి దానితో పచ్చదోమ కూడా ఉంటే డయాఫెన్థియురాన్ 50 డబ్ల్యూపీ ఎకరాకు 240 గ్రాములు. అది అంతర్వాహిక మందు కాదు, ఎండ తగిలాక మారి పనిచేసే మందు, అందుకని ఆకు అడుగు తప్పకుండా తడవాలి. విత్తన పూత తర్వాత 4ఏ గుంపును వాడాల్సే వస్తే సీజనులో ఒక్కసారి, డైనోటెఫ్యూరాన్ 20 ఎస్‌జీ ఎకరాకు 50 నుంచి 60 గ్రాములు, అదీ పూత ముమ్మరం కాకముందే. అదే పనిగా 4ఏ కొట్టిన చేలో చివరకు ఎర్రనల్లి లేస్తుంది.

ఎర్రనేల_పత్తి · ఆగస్టు 2, ఉదయం 7:20

60 ఆకుల లెక్క. బొట్టు ఎకరం: 31న 58, ఈ రోజు 41. పిచికారీ ఎకరాలు: 31న 66, ఈ రోజు 72. కొత్త ఆకులు రెండు దిక్కులా చదునుగా ఉన్నయి. పిచికారీ దిక్కు కొంచెం పెరిగినట్టుంది?

నల్లరేగడి_నీళ్ళు · ఆగస్టు 2, ఉదయం 8:05

72 అంటే ఆకుకు 1.2, మందు స్థాయికి చాలా కింద. పిచికారీ తర్వాత విచ్చిన ఆకుల మీద కొత్త పిల్లలు చేరుతున్నాయి, అంతే. పై ఆకుల లెక్క విడిగా రాసుకుంటే అది మీకే తెలుస్తుంది. ఆగస్టు 6న మళ్ళీ చూడండి. ఈలోగా పిచికారీ ఎకరాల్లో వేప నూనె ఒకసారి ఇవ్వొచ్చు. ఖాళీ ప్యాకెట్లు మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయర్ ట్యాంకులోనే పోశారు కదా?

ఎర్రనేల_పత్తి · ఆగస్టు 2, ఉదయం 8:20

పోసిన అన్నా. ప్యాకెట్లకు చిల్లులు పెట్టి సంచిల కట్టి పెట్టిన. 6న లెక్క ఇక్కడనే రాస్త.